మొక్కల సూక్ష్మజీవినిరోధక పదార్థాలు

మొక్కల సూక్ష్మజీవినిరోధక పదార్థాలు అనగా మొక్కల ఆకు, బెరడు, వేరు, కాయ, గింజ, పాలు మొదలగు భాగాలలో సహజంగా తయారై, బ్యాక్టీరియా, శిలీంధ్రాల వంటి సూక్ష్మజీవులను చంపగల లేదా వాటి పెరుగుదలను ఆపగల రసాయనాలు. వీటిలో కొన్ని సూక్ష్మజీవులను చంపవు. అవి ఒక ఉపరితలం మీద గుంపుగా అతుక్కొని జిగురు పొర కట్టకుండా మాత్రమే అడ్డుకొంటాయి. ఈ పొరను బయోఫిలిం లేదా జీవపొర అంటారు. వేప, పసుపు, కరక్కాయ, వాము, లవంగం, వెల్లుల్లి, ఆవాలు ఇటువంటి పదార్థాలు గల మొక్కలలో తెలుగువారికి బాగా పరిచయమైనవి. కృష్ణా డెల్టా దిగువ భాగమైన మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో ఇవి అద్దకం, నిలవ పచ్చళ్ళు, వరి సేద్యం, చేపల, రొయ్యల పెంపకం వంటి పనులలో వాడుకలో ఉన్నవి.

మందులకు లొంగని బ్యాక్టీరియా వలన 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది నేరుగా మరణించినట్లు 2022లో ప్రచురితమైన అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసినది. ఈ కారణంగా మొక్కల రసాయనాలపై పరిశోధన ఇటీవలి దశాబ్దాలలో బాగా పెరిగినది. వీటిని గూర్చిన అతిశయోక్తులు కూడా అంతే వేగంగా పెరిగినవి.

పాచి, గార, జీవపొర

బయోఫిలిం అనే మాట కొత్తదే గాని ఆ వస్తువు తెలుగువారికి కొత్త కాదు. చెరువు మెట్ల మీద కాలు జారేట్లు చేసే జిగురును, నిద్ర లేవగానే పళ్ళ మీద తగిలే పొరను మనం ఒకే మాటతో 'పాచి' అంటాము. చెరువు మెట్ల పాచిలో నాచు కూడా కలిసి ఉంటుంది. అయినను ఈ రెండూ స్వభావరీత్యా జీవపొరలే. పళ్ళ మీది పాచిని తీయకపోతే అందులో సున్నపు లవణాలు చేరి గట్టిపడుతుంది. అదే గార.

పళ్ళ పాచిలోని సూక్ష్మజీవులను మొదట చూసి వర్ణించినవాడు హాలెండు దేశస్థుడైన లీవెన్‌హుక్. తాను చూసిన సంగతిని 1683లో లండన్ రాయల్ సొసైటీకి లేఖగా వ్రాసినాడు. అయితే బ్యాక్టీరియా ప్రకృతిలో విడివిడిగా ఈదుతూ బ్రతకడం కన్న ఇలా పొరలు కట్టి బ్రతకడమే ఎక్కువ అన్న విషయం 1970ల చివరిలో కాస్టర్‌టన్, ఆయన సహచరుల పరిశోధనలతో గాని శాస్త్రలోకంలో స్థిరపడలేదు.

పొర కట్టే విధానం ఇట్లుండును. మొదట కొద్ది బ్యాక్టీరియా కణాలు ఉపరితలానికి అంటుకొంటాయి. తరువాత అవి చక్కెర గొలుసులు, మాంసకృత్తులు, డి.ఎన్.ఎ. కలిసిన జిగురును స్రవించి, ఆ జిగురులో కప్పబడి వృద్ధి చెందుతాయి. పంటిపై ఉండే స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ మనం తిన్న చక్కెరనే ముడిసరుకుగా తీసుకొని ఈ జిగురును అల్లుతుంది. పొర లోపలి కణాలకు మందు సరిగా చేరదు. చేరినా, అక్కడి కణాలలో చాలవరకు మందకొడిగా, నిద్రావస్థలో ఉంటాయి గనుక పెరిగే కణాలను దెబ్బతీసే మందులు వాటిపై పనిచేయవు. అందువలన విడిగా ఈదే బ్యాక్టీరియాకు సరిపోయే మోతాదు కన్న పది నుండి వెయ్యి రెట్లు ఎక్కువ మోతాదును సైతం పొరలోని బ్యాక్టీరియా తట్టుకోగలదు. మానని పుండ్లు, మూత్రనాళంలో అమర్చిన గొట్టాలు, కృత్రిమ కీళ్ళ వద్ద వచ్చే ఇన్ఫెక్షన్లు మొండిగా ఉండటానికి ఇది ముఖ్య కారణం.

ఈ కణాలు తమ గుంపు ఎంత పెద్దదో తెలుసుకొనే ఏర్పాటు కూడా కలదు. ప్రతి కణం కొన్ని సంకేత రసాయనాలను బయటకు విడుస్తుంది. చుట్టూ వాటి గాఢత ఒక స్థాయికి చేరగానే గుంపు అంతా ఒకేసారి ప్రవర్తన మార్చుకొంటుంది. దీనిని కోరం సెన్సింగ్ అంటారు. సభకు కోరం ఉన్నదా లేదా అని చూడటం వంటిదే. ఈ విషయం మొదట 1970లో సముద్రంలో వెలుగునిచ్చే విబ్రియో జాతి బ్యాక్టీరియాలో గుర్తింపబడినది.

మొక్కలలో ఇవి ఎందుకు ఉన్నవి

మొక్కకు కదిలే శక్తి లేదు, మన రక్తంలో వలె తెల్లకణాలూ లేవు. బూజు, బ్యాక్టీరియా, పురుగుల నుండి అది రసాయనాలతోనే కాచుకోవాలి. ఈ రసాయనాలను ముఖ్యంగా ఫినాలులు, టానిన్లు, ఫ్లేవనాయిడ్లు, టెర్పీనులు, ఆల్కలాయిడ్లు, శాపోనిన్లు, గంధకం గల సమ్మేళనాలు అని వర్గీకరిస్తారు. నోటికి వగరు తగిలితే టానిన్లు, నీటిలో నురుగు వస్తే శాపోనిన్లు, ముక్కుకు ఘాటైన సువాసన తగిలితే సాధారణంగా టెర్పీనులు లేదా వాటికి దగ్గరి బంధువులు ఉన్నవని అనుకోవచ్చును.

కొన్ని మొక్కలు విషాన్ని తయారుగా ఉంచుకోవు. రెండు భాగాలుగా వేరువేరు గదులలో దాచుకొంటాయి. వెల్లుల్లి రేకను చిదిపినప్పుడు ఆలియిన్ అనే పదార్థం ఒక ఎంజైముతో కలిసి ఆలిసిన్‌గా మారుతుంది. దీనిని 1944లో కావల్లిటో, బెయిలీ అనే శాస్త్రజ్ఞులు వేరుచేసి, ఇది బ్యాక్టీరియాను చంపగలదని చూపించినారు. చిదపకుండా ఉడికించిన వెల్లుల్లిలో ఎంజైము నశిస్తుంది గనుక ఆలిసిన్ దాదాపు పుట్టదు.

సూక్ష్మజీవులపై ఇవి పనిచేసే తీరు ఒకటి కాదు. వాములోని థైమాల్, లవంగంలోనూ కొన్ని రకాల తులసిలోనూ ఉండే యూజినాల్ కణపు పొరను చిల్లుపడేట్లు చేస్తాయి. టానిన్లు మాంసకృత్తులను పట్టి ముడుచుకొనేట్లు చేస్తాయి, బ్యాక్టీరియాకు అవసరమైన ఇనుమును తమతో బంధించివేస్తాయి. మరికొన్ని పదార్థాలు ఒంటరిగా బలహీనమైనవి. మానుపసుపులో ఉండే బెర్బెరిన్ ఇందుకు ఉదాహరణ. బ్యాక్టీరియా తనలోకి వచ్చిన బెర్బెరిన్‌ను ఒక పంపువంటి నిర్మాణంతో బయటకు తోడివేస్తుంది. బెర్బెరిన్ గల కొన్ని మొక్కలు ఆ పంపును మూసివేసే రెండవ పదార్థాన్ని కూడా తయారుచేసుకొంటాయని 2000లో అమెరికాలో జరిగిన పరిశోధన వెల్లడించినది. ఒక మొక్క నుండి ఒకే పదార్థాన్ని శుద్ధిచేసి పరీక్షించినప్పుడు ఫలితం తక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణం.

అద్దకపు గుడ్డలు, నూలు వలలు

మచిలీపట్నం, దాని సమీపాన గల పెడన కలంకారీ అద్దకానికి ప్రసిద్ధములు. ఇక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. అద్దకానికి ముందు గుడ్డను కరక్కాయ నీటిలో నానవేసి ఆరబెట్టడం ముఖ్యమైన దశ. కరక్కాయలోని టానిన్లు నూలుపోగుకు అంటుకొని, తరువాత వేసే రంగు నిలవడానికి ఆధారమవుతాయి. బెల్లపు నీటిలో ఇనుప ముక్కలు ఊరవేసి తయారుచేసిన ద్రావకం ఆ గుడ్డపై పడగానే నల్లగా మారడానికి కూడా ఈ టానిన్లే కారణం. ఎరుపుకు పటిక, పూర్వం చిరివేరు వాడేవారు. చిరివేరులోని ఎరుపు పదార్థమైన అలిజరిన్‌ను జర్మనీ రసాయనజ్ఞులు 1868లో కృత్రిమంగా తయారుచేసిన తరువాత చిరివేరు సేద్యం క్రమంగా క్షీణించినది. పసుపు రంగుకు దానిమ్మ తొక్క కూడా పనికివస్తుంది. అందులోనూ టానిన్లు విస్తారంగా ఉన్నవి.

కరక్కాయ, దానిమ్మ తొక్కలతో శుద్ధిచేసిన నూలుగుడ్డపై బ్యాక్టీరియా తక్కువగా పెరుగుతుందని ప్రయోగశాల పరీక్షలలో తేలినది. అయితే ఈ గుణం ఉతుకులతో తగ్గిపోవచ్చును. కలంకారీ బట్ట కట్టుకొంటే రోగాలు రావని కొందరు అమ్మకందారులు చెప్పే మాటకు ఆధారం లేదు. ఆ బట్ట గొప్పతనం దాని రంగులలోనే కలదు, దానికి ఇటువంటి ప్రచారం అవసరం లేదు.

నైలాను వలలు రాక పూర్వం మత్స్యకారులు నూలు వలలకు చెట్టు బెరడు కషాయం పట్టించేవారు. ఉప్పునీటిలో నానే నూలును సూక్ష్మజీవులు తిని కుళ్ళబెడతాయి. టానిన్ పట్టించిన నూలు అంత త్వరగా కుళ్ళదు. వల చీకిపోతే జీవనమే పోతుంది గనుక ఇది వారికి అలంకారం కాదు, అవసరం. నైలానును సూక్ష్మజీవులు తినలేవు. దానితో ఈ పని కనుమరుగైనది.

ఆవకాయ జాడీలో

నిలవ పచ్చళ్ళను కాపాడే ముఖ్య పదార్థం ఉప్పు. దానికి మామిడి పులుపు, పైన తేలే నూనె తోడవుతాయి. ఆవపిండి చేసే పని వేరు. ఆవగింజలో సినిగ్రిన్ వంటి గంధక సమ్మేళనం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైము మరొకచోట ఉంటాయి. పిండికి తడి తగలగానే ఇవి కలిసి ఘాటైన ఐసోథయోసయనేటులు పుడతాయి. ఇవి బూజులను, అనేక బ్యాక్టీరియాను అణచివేస్తాయి. ఆవకాయ కలిపేటప్పుడు పచ్చి ఆవపిండికి మామిడి ముక్క రసం తగలడం వలన జరిగేది ఇదే. కాగిన నూనెలో చిటపటలాడించిన ఆవాలలో ఎంజైము నశిస్తుంది. పోపుకు రుచి ఉన్నా ఈ ఘాటు ఉండదు.

ఈ ఘాటు పదార్థం గాలిలోకి ఎగిరిపోయే గుణం గలది. జాడీకి వాసెన కట్టి ఉంచడం వలన అది కొంతకాలం లోపలే నిలుస్తుంది. ఇంత ఏర్పాటు ఉన్నా తడిచేయి తగిలిన చోట బూజు పడుతుంది. ఉప్పు గాఢత అక్కడ తగ్గడమే కారణం. మొక్కల పదార్థాలు ఉప్పుకు సహాయకారులే గాని ప్రత్యామ్నాయం కావు. ఆరోగ్యం పేరిట ఉప్పు బాగా తగ్గించి నిలవ పచ్చడి పెట్టేవారు ఈ సంగతి గమనింపవలెను.

పళ్ళు తోముకొనుట

వేప, కానుగ, ఉత్తరేణి, నల్లతుమ్మ పుల్లలతో పళ్ళు తోముకొనడం డెల్టా గ్రామాలలో మొన్నమొన్నటి వరకు సర్వసాధారణం. పుల్ల రెండు విధాలుగా పనిచేస్తుంది. నమలగా కుంచె అయిన పీచు పాచిని గీకివేస్తుంది, రసంలోని చేదు, వగరు పదార్థాలు మిగిలిన బ్యాక్టీరియాను కొంత అణచివేస్తాయి. మొదటి పనే ప్రధానం. పందుంపుల్ల వాడే అలవాటు ఉన్న చోట్ల దానిని ప్రోత్సహించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో సూచించినది.

కరక్కాయ నీటి కషాయం పళ్ళు పుచ్చడానికి కారణమైన స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ పంటికి అతుక్కోకుండా ఆపుతుందని 1999లో భారతీయ పరిశోధకులు ప్రకటించినారు. టీలోని పాలీఫినాలులు ఆ బ్యాక్టీరియా జిగురు అల్లే ఎంజైమును మందగింపజేస్తాయి. వాము నుండి తీసే వాముపువ్వు, అనగా థైమాల్, ఈనాటికీ పేరున్న నోరు పుక్కిలించే ద్రావకాలలో ఒక భాగం. వీటిపై మనుషులలో చక్కగా జరిగిన పరీక్షలు ఉన్నవి. బ్రష్‌కు తోడుగా వాడినప్పుడు పాచి, చిగుళ్ళ వాపు తగ్గినట్లు అవి చూపినవి. మొక్కల పదార్థాలు జీవపొరపై పనిచేస్తాయనడానికి ఇది గట్టి నిదర్శనాలలో ఒకటి. ఇక్కడ మందు నేరుగా పాచికి తగులుతుంది, కడుపులోనికి, రక్తంలోనికి పోయి ప్రయాణించవలసిన పని లేదు. ఈ భేదం ముఖ్యమైనది.

వరి పొలంలో వేప

వేపనూనె పూసిన యూరియా విస్తారంగా వాడుకలో ఉన్న సూక్ష్మజీవినిరోధకమని చాలామందికి తట్టదు. దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేప పూత 2015లో తప్పనిసరి చేయబడినది. యూరియా నేలలో అమ్మోనియాగా మారిన తరువాత నైట్రోసోమోనాస్ వంటి బ్యాక్టీరియా దానిని నైట్రేటు వైపు మారుస్తాయి. నైట్రేటు నీటితో కొట్టుకుపోతుంది, లేదా నీరు నిలిచిన వరి మడిలో వాయువై పోతుంది. వేపలోని చేదు పదార్థాలు ఆ బ్యాక్టీరియాను మందగింపజేసి ఎరువు ఎక్కువ కాలం నిలిచేట్లు చేస్తాయి. గుడివాడ, దివిసీమ వరి రైతులు ఈ పూత యూరియానే చల్లుతున్నారు. యూరియాను ఇతర పరిశ్రమలకు మళ్ళించకుండా చేయడం కూడా ఈ పూత ఉద్దేశాలలో ఒకటి. దిగుబడిపై దీని ప్రభావం నేలను బట్టి మారుతుంది.

చేపల, రొయ్యల చెరువులు

ఈ విషయం నేడు డెల్టాకు జీవనసమస్య. గుడివాడ పరిసరాలలో మంచినీటి చేపల చెరువులు, మచిలీపట్నం, దివిసీమ తీరాన ఉప్పునీటి రొయ్యల చెరువులు విస్తారంగా కలవు. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి టైగర్ రొయ్యను తుడిచిపెట్టినది. 2009 నుండి వెనామీ రొయ్య దాని స్థానంలోకి వచ్చినది. తెల్లమచ్చ వ్యాధికి కారణం వైరస్. దానిపై యాంటీబయాటిక్ పనిచేయదు. కాని విబ్రియో జాతి బ్యాక్టీరియా కూడా రొయ్యలను చంపుతాయి. వీటిలో విబ్రియో హార్వేయి వ్యాపించిన నీరు రాత్రివేళ వెలుగుతుంది.

రొయ్యలలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల అవశేషాలు దొరికినప్పుడు విదేశాలు సరుకును తిప్పి పంపినవి. ఈ మందులు రొయ్యల పెంపకంలో నిషేధింపబడినవి. 2016లో యూరోపియన్ యూనియన్ భారతదేశపు పెంపకపు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుండి 50 శాతానికి పెంచినది. సరుకు తిరిగివస్తే ధర పడిపోతుంది, ఆ దెబ్బ మందు వాడని రైతుకూ తగులుతుంది. అంతకన్న పెద్ద ప్రమాదం కంటికి కనిపించదు. చెరువు నీరు మురుగుకాలువలోకి, కాలువ ఉప్పుటేరులోకి పోతుంది. మందుకు అలవాటుపడిన బ్యాక్టీరియా ఆ దారిలో మనుషుల వరకు రావచ్చును.

అందుచేత రైతులు వెల్లుల్లి ముద్ద, పసుపు, వేప వంటివి మేతకు పట్టించి వాడటం పెరిగినది. మందుల దుకాణాలలో మూలికల పేరుతో సీసాలు కూడా వచ్చినవి. వీటిలో కొన్నింటికి ప్రయోగశాల తొట్లలో మంచి ఫలితాలు వచ్చినవి. తొట్టి వేరు, ఎకరాల చెరువు వేరు. చెరువులో మట్టి, మేత వ్యర్థాలు, ఎండ కలిసి మొక్కల పదార్థాలను త్వరగా విచ్ఛిన్నం చేస్తాయి. ఆకు కోసిన కాలాన్ని, నేలను బట్టి వాటి పాళ్ళు మారిపోతాయి. సీసాపై మోతాదు వ్రాసి ఉన్నా లోపల అసలు పదార్థం ఎంత ఉన్నదో రైతుకు తెలిసే మార్గం లేదు. పైగా మూలికల మందు అన్న పేరుతో లోపల నిషేధిత యాంటీబయాటిక్ కలిసి ఉంటే శిక్ష పడేది రైతుకే. కొనేముందు పరీక్షాపత్రం అడగడం మంచిది.

చంపే మార్గం కన్న గుంపు లెక్కను చెడగొట్టే మార్గం ఇక్కడ ఆశాజనకంగా ఉన్నది. దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్ విబ్రియో బ్యాక్టీరియాలో కోరం సంకేతాన్ని అందుకొనే ప్రోటీను డి.ఎన్.ఎ.కు అతుక్కోకుండా చేస్తుందని 2008లో బెల్జియం దేశపు ఘెంట్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చూపినారు. అప్పుడు బ్యాక్టీరియా బ్రతికే ఉంటుంది గాని రోగం కలిగించే శక్తి తగ్గుతుంది. చంపడం లేదు గనుక దీనికి అలవాటుపడే ఒత్తిడి కూడా తక్కువగా ఉండవచ్చునని భావిస్తున్నారు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. చెరువులోని పాచి అంతా శత్రువు కాదు. చేపల విసర్జనల నుండి పుట్టే అమ్మోనియాను హానిలేని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా జీవపొరలలోనే నివసిస్తాయి. చెరువులో చెరకు పిప్పి వ్రేలాడదీసి, దానిపై పెరిగిన పాచిని బొచ్చె, రోహు వంటి చేపలకు మేతగా ఉపయోగించే పద్ధతులపై కూడా పరిశోధనలు జరిగినవి. ఏ మొక్క రసమైనా ఎక్కువ పోస్తే మంచి చెడు రెండూ పోతాయి. పిల్ల వేయకముందు అక్కరలేని చేపలను చంపడానికి చెరువులో చల్లే ఇప్పపిండి కూడా మొక్క పదార్థమే. అందులోని శాపోనిన్లు చేప మొప్పల ద్వారా చేరి రక్తకణాలను పగలగొడతాయి.

మడ అడవులు

దివిసీమ తీరంలో మడ, తిల్ల, ఆల్చి మొదలగు చెట్లతో కూడిన మడ అడవులు కలవు. వీటిలో కొంత భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో ఉన్నది. ఎల్లప్పుడూ ఉప్పు బురదలో నిలిచి ఉండే ఈ చెట్ల బెరడులో టానిన్లు అధికం. తిల్ల చెట్టు తెల్లని పాలు కంటిలో పడితే చూపుకే ప్రమాదం. ఈ చెట్ల సారాలపై అనేక పరీక్షలు జరుగుతున్నవి గాని వాటి నుండి ఇంతవరకు యాంటీబయాటిక్ మందేదీ రాలేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన తరువాత ఈ అడవుల విలువ ఈ ప్రాంతంలో ఎవరికీ వేరుగా చెప్పనక్కరలేదు. మందు కోసం బెరడు ఒలచడానికి ఇది తగిన చోటు కాదు.

పరిమితులు, జాగ్రత్తలు

సాధారణ యాంటీబయాటిక్ ఒక మిల్లీలీటరుకు 0.01 నుండి 10 మైక్రోగ్రాముల లోపే బ్యాక్టీరియాను ఆపుతుంది. మొక్కల పదార్థాలలో చాలావాటికి 100 నుండి 1000 మైక్రోగ్రాములు కావలెను. రక్తంలో అంత గాఢత తెచ్చుకొనడం సాధ్యం కాదు, సురక్షితమూ కాదు. మొక్కల రసాయనాలపై వచ్చే పరిశోధనాపత్రాలను చదివేటప్పుడు ఈ అంకెను మొదట చూడవలెను. పసుపులోని కర్కుమిన్‌ను 1815లోనే వేరుచేసినారు, బ్యాక్టీరియాపై దాని ప్రభావం 1949లో ప్రకటితమైనది. కాని అది పేగుల నుండి రక్తంలోకి చాల తక్కువగా చేరుతుంది. అనేక పరీక్షలలో అది తప్పుడు ఫలితాలను కూడా చూపగలదని 2017లో రసాయనజ్ఞులు వివరంగా చర్చించినారు.

ఆటలమ్మ సోకినవారి మంచం చుట్టూ వేపమండలు ఉంచడం మన ఆచారం. దురదకు కొంత ఉపశమనం కలుగవచ్చును గాని అది వైరస్‌ను చంపదు. పసిపిల్లలకు వేపనూనె త్రాగించడం మాత్రం ప్రమాదకరం. 1981లో మలేషియాలో ఇలా త్రాగించిన పిల్లలకు వాంతులు, మూర్ఛలు, మెదడు, కాలేయం దెబ్బతినడం వంటి లక్షణాలు కలిగినట్లు వైద్యులు నివేదించినారు. పసికందులకు చెమ్చాతోనైనా వేపనూనె పట్టరాదు. జ్వరం, చీముపట్టిన పుండు, మూత్రంలో మంట వంటివాటికి కషాయాలతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించవలెను. వైద్యుడు వ్రాసిన యాంటీబయాటిక్‌ను ఆయన చెప్పినన్ని రోజులు వాడవలెను.

మూత్రనాళపు ఇన్ఫెక్షన్ల విషయంలో ఒక మొక్కకు మంచి ఆధారం ఉన్నది. అది మన దేశపుది కాదు, ఉత్తర అమెరికాకు చెందిన క్రాన్‌బెరీ. దానిలోని టానిన్ల వంటి పదార్థాలు ఇ. కొలై బ్యాక్టీరియా మూత్రనాళపు గోడకు అతుక్కోకుండా చేస్తాయి. తరచుగా ఈ ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలలో ఇది మళ్ళీ వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుందని 2023లో వెలువడిన సమీక్ష తేల్చినది. వచ్చిన ఇన్ఫెక్షన్‌ను ఇది నయం చేయదు.

పేటెంటు వివాదాలు

వేపనూనెతో శిలీంధ్రాలను అణచే పద్ధతికి అమెరికా వ్యవసాయశాఖ, డబ్ల్యు. ఆర్. గ్రేస్ కంపెనీలకు 1994లో యూరోపియన్ పేటెంటు లభించినది. భారతదేశంలో ఇది అనాదిగా తెలిసినదేనన్న అభ్యంతరంపై అది 2000లో రద్దయినది. దానిపై చేసిన అప్పీలు 2005లో కొట్టివేయబడినది. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటు కూడా భారత ప్రభుత్వ పరిశోధనా మండలి అభ్యంతరంతో 1997లో రద్దయినది. ఈ వాదనలలో గెలుపుకు ఉపకరించినవి అప్పటికే అచ్చయి ఉన్న వ్రాతపూర్వక ఆధారాలు. అద్దకపువారి కరక్కాయ పాళ్ళు, మత్స్యకారుల బెరడు కషాయం వంటివి చాలావరకు నోటిమాటగానే మిగిలి ఉన్నవి.